మీకు తెలుసా? కానుకగా చాకు పుచ్చుకుంటే బదులుగా నాణెం ఇవ్వాలి!

క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు వస్తున్నాయంటే ఐరోపాలో నాన్నకో తాతకో ఏం కొనాలన్న ప్రశ్నకు పాత జవాబు ఒకటుంది: జేబులో పట్టే మడత చాకు. అమెరికా నుంచో లండన్ నుంచో సంక్రాంతికి ఊరొచ్చే మనవాళ్ళ పెట్టెల్లోనూ చాక్లెట్ల పక్కన ఓ ఎర్రటి స్విస్ చాకు కనిపిస్తుంది. తీరా ఇచ్చాక అది బీరువాలో మూలపడి ఉండటం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరి చేతికి ఏది నప్పుతుందో తెలియకుండా కొంటే అంతే మరి. కొనేటప్పుడు పనికొచ్చే సంగతులు కొన్ని, తెలుసుకున్నందుకే సంతోషమేసే సంగతులు కొన్ని ఇక్కడ పోగుచేశాను.

● చాకు ఊరికే పుచ్చుకోకూడదట

ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ దేశాల్లో ఒక నమ్మకం ఉంది. చాకును ఉచితంగా ఇస్తే అది స్నేహాన్ని కోసేస్తుందట. అందుకని పుచ్చుకున్నవాళ్ళు వెంటనే ఒక చిన్న నాణెం ఇచ్చినవాళ్ళ చేతిలో పెడతారు. అప్పుడది కానుక కాదు, కొనుక్కున్న వస్తువు. ఏ దోషమూ ఉండదు. తెలివైనవాళ్ళు కానుక పెట్టెలో తామే ఒక నాణెం వేసి పంపుతారు. తీసుకున్నవాళ్ళు జేబులు వెతుక్కోకుండా దాన్నే తిరిగి ఇచ్చేస్తారు. ఉప్పు చేతికి చేతికి ఇవ్వకుండా కింద పెట్టి తీసుకోమనే మన ఇళ్ళలో ఈ ఆచారం ఎవరికీ వింతగా అనిపించదు. పెద్దవాళ్ళకు చాకు ఇస్తుంటే ఒక రూపాయి బిళ్ళ కూడా జతచేయండి. పట్టింపు ఉన్నవాళ్ళ మనసు కుదుటపడుతుంది, లేనివాళ్ళకు చెప్పుకోడానికి ఒక కబురు దొరుకుతుంది.

● స్విస్ సైన్యం మొదటి చాకులు జర్మనీలో తయారయ్యాయి

స్విస్ సైన్యం 1889లో కొత్త రైఫిలు తెచ్చుకుంది. దాన్ని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. సైనికుడు డబ్బా తిండి తినాలంటే డబ్బా కోసే పరికరం కావాలి. ఇంకో రెండు పనులు కూడా కలిపి బ్లేడు, చిల్లులు పొడిచే మొన, డబ్బా కోసేది, స్క్రూడ్రైవర్ అనే నాలుగు భాగాలతో ఒకే మడత చాకు చేయించాలని సైన్యం నిర్ణయించింది. అంత పెద్ద సంఖ్యలో చేసే సత్తా అప్పటికి స్విట్జర్లాండులో ఏ కర్మాగారానికీ లేదు. ఆర్డరు జర్మనీలో కత్తులకు పేరుమోసిన జోలింగెన్ పట్టణానికి వెళ్ళింది.

ఇది భరించలేకపోయినవాడు కార్ల్ ఎల్సెనర్. 1884లో ష్విట్జ్ ప్రాంతంలోని ఈబాఖ్ అనే ఊళ్ళో ఆయన చిన్న కత్తుల కార్ఖానా పెట్టుకున్నాడు. తోటి పనివాళ్ళను కూడగట్టి 1891లో తొలిసారి స్విస్ సైన్యానికి స్వదేశీ చాకులు అందించాడు. జోలింగెన్ యంత్రాల మీద అదే చాకు చవగ్గా తయారవుతుంటే ధరలో పోటీపడలేక దాదాపు దివాళా అంచుకు చేరాడు. అయినా పని ఆపలేదు. సైనికుడి చాకు బరువెక్కువ, మోటుగా ఉందని తేలికగా మరోటి చేయడం మొదలుపెట్టాడు. దానిలో ఆయన చేసిన మార్పు చూడటానికి చిన్నది: ఒకే స్ప్రింగు చాకుకు రెండువైపులా ఉన్న పరికరాలను పట్టి ఉంచుతుంది. ఉన్న చోటులోనే రెట్టింపు పరికరాలు పట్టాయి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న స్విస్ చాకు తెరిచి, వెన్నులో మెరిసే ఉక్కు పట్టీని చూడండి. పైన బ్లేడు తెరిచినా, కింద కార్క్‌స్క్రూ లాగినా కదిలేది ఆ ఒక్క పట్టీయే. 1897 జూన్ 12న ఆ నమూనాకు చట్టరక్షణ లభించింది. ఆఫీసర్ల చాకు అని పేరు పెట్టినా సైన్యం దాన్ని పంచిపెట్టలేదు. కావలసిన ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కునేవారు.

1909లో ఎల్సెనర్ తల్లి విక్టోరియా కన్నుమూసింది. ఆమె పేరునే ఆయన సరుకు మీద ముద్రగా వేశాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వాడకం మొదలయ్యాక, ఆ ఉక్కుకు ఫ్రెంచిలో ఉన్న పేరు ‘ఇనాక్స్’ తోడై విక్టోరినాక్స్ అయింది. ఒక కొడుకు తల్లికి ఇచ్చిన కానుక ఆ పేరులో ఇప్పటికీ ఉంది.

● స్విస్ సైనికుడి చాకు ఎర్రగా ఉండదు

ఎర్ర పిడి, తెల్ల శిలువ అంటే స్విస్ సైన్యం అనుకుంటాం. సైనికులకు మొదట ఇచ్చింది నల్లటి కర్రపిడి చాకు. 1961 నమూనాకు వెండిరంగు అల్యూమినియం పిడి. 2008 నమూనాకు ఆకుపచ్చ, నలుపు. ఎరుపు ఆఫీసర్ల చాకుకు, మనలాంటి మామూలు జనానికి అమ్మే రకాలకు దక్కింది. ‘స్విస్ ఆర్మీ నైఫ్’ అన్న పేరు కూడా స్విస్సువాళ్ళది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపాలో ఉన్న అమెరికా సైనికులు జర్మన్ పేరుకు నోరు తిరగక తమకు వీలుగా అలా పిలుచుకున్నారు.

● ఆ కొక్కెం దేనికో చాలామందికి తెలియదు

91 మిల్లీమీటర్ల స్విస్ చాకుల్లో కొన్నిటికి వెనకవైపు వంకర తిరిగిన చిన్న కొక్కెం ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు కూడా దాన్ని తెరిచి చూసి మూసేస్తారు. 1991లో చేర్చిన ఆ కొక్కెం తాడు కట్టిన పార్సిళ్ళు మోయడానికి. సన్నటి పురికొస వేళ్ళను కోసేస్తుంది కదా. తాడును కొక్కేనికి తగిలించి చాకును పిడికిట పట్టుకుంటే నొప్పి ఉండదు. 90 కిలోల బరువు దాకా ఆపుతుందని కంపెనీ చెబుతుంది. ఇలాంటి దాగుడు సదుపాయాలు ఇంకా ఉన్నాయి. డబ్బా కోసేదాని సన్నటి కొస నక్షత్రం గాడి ఉన్న స్క్రూలకూ పనికొస్తుంది. సీసా మూత తీసేదానికి ఉన్న చిన్న గంటు కరెంటు తీగ తోలు తీయడానికి. కొన్నిటిలో కార్క్‌స్క్రూ మెలికల మధ్య కళ్ళద్దాల మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవర్ ఒకటి ఒదిగి ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకునే తాతయ్యకు కొంటుంటే ఇదొక్కటి ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి. ఆయన దాన్ని రోజూ తలుచుకుంటాడు.

● ఎక్కువ పరికరాలుంటే మంచి చాకు కాదు

విక్టోరినాక్స్‌కు పోటీగా డెలెమాన్ పట్టణంలో వెంగర్ అనే కంపెనీ ఉండేది. ఇద్దరూ దాదాపు శతాబ్దం పాటు సైన్యానికి చాకులు పంచుకుని సరఫరా చేశారు. 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ను కొనేసింది. ఆ వెంగర్ ఒకసారి 87 పరికరాలు, 141 పనులతో ఒక రాక్షసి చాకును చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. కిలోకు పైన బరువు. అది ఏ జేబులోనూ పట్టదు.

కానుక కొనేవాళ్ళు పడే పొరపాటు ఇక్కడే. పరికరాలు లెక్కపెట్టి, ఎన్ని ఎక్కువుంటే అంత మర్యాద అనుకుంటారు. లావుపాటి చాకు జేబులో బరువుగా వేలాడి, నాలుగోరోజుకే సొరుగులోకి చేరుతుంది. స్విస్ చాకుల కొలతలు గుర్తుంచుకుంటే సరిపోతుంది. 58 మిల్లీమీటర్లది తాళంచెవుల గుత్తికి తగిలించుకునేది. క్లాసిక్ అనే రకంలో చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ళ ఆకురాయి, పట్టకారు, పంటిపుల్ల ఉంటాయి, బరువు 21 గ్రాములు. అమ్మలకు, అమ్మమ్మలకు ఇంతకు మించింది అక్కర్లేదు. ఆ బుల్లి కత్తెర దారం తెంపడానికీ మందుల పొట్లం కత్తిరించడానికీ చేతికి వచ్చినట్టు ఇంకేదీ రాదు. 84, 91 మిల్లీమీటర్లవి చొక్కా జేబులోనో ప్యాంటు జేబులోనో పెట్టుకుని రోజూ వాడుకునేవి. 111 మిల్లీమీటర్లది తోటపనికి, అడవుల్లో నడకకు.

● అధ్యక్షుల కానుక, అధ్యక్షుడి జేబు

అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తన సంతకం ఉన్న స్విస్ చాకులను అతిథులకు కానుకగా ఇచ్చేవారు. అంతకు వందేళ్ళ ముందు, 1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో కాల్పులకు గురైన అబ్రహాం లింకన్ జేబుల్లో దొరికినవి రెండు కళ్ళజోళ్ళు, ఒక చేతిరుమాలు, ఒక తోలు పర్సు, కొన్ని పత్రికల కత్తిరింపులు, వెండి అలంకరణతో దంతపు పిడి ఉన్న ఒక మడత చాకు. ఇవన్నీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి.

● రోమన్ల కాలంలోనే ‘అన్నీ ఒకదాంట్లో’

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ దగ్గర క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం నాటి మడత చాకు దొరికింది. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటి రోమన్ వస్తువు ఒకటుంది. వెండితో చేసిన ఒకే పిడికి చెంచా, ముళ్ళ చెంచా, ఇనుప బ్లేడు, గుచ్చే మొన, గరిటెలాంటి పలక, పుల్లలాంటిది ఒకటి మడతపెట్టి ఉన్నాయి. ప్రయాణాల్లో సొంత సామగ్రితో తినే సంపన్నుడెవరో చేయించుకుని ఉంటాడు.

● లండన్ చాకుల వ్యాపారిని మెప్పించిన భారతీయ ఉక్కు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది. 1790లలో బొంబాయి నుంచి డాక్టర్ స్కాట్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ‘వూట్జ్’ అనే భారతీయ ఉక్కు ముద్దలు పంపాడు. బ్యాంక్స్ కోరిక మీద జేమ్స్ స్టోడార్ట్ అనే చాకుల తయారీదారు ఆ ఉక్కును సాగగొట్టి, ఈక కలాలు చెక్కుకునే చిన్న చాకు ఒకటి చేశాడు. ఆనాటి మేలైన ఐరోపా ఉక్కుకు అది ఏ మాత్రం తీసిపోలేదు. 1795లో జార్జ్ పియర్సన్ ఈ ఉక్కు మీద జరిపిన పరీక్షలు రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. స్టోడార్ట్ ఆ తర్వాత జీవితాంతం ఈ ఉక్కును వదల్లేదు. మైకేల్ ఫారడేతో కలిసి దాని రహస్యం తేల్చాలని 1820 ప్రాంతంలో ఎన్నో ఉక్కు మిశ్రమాలు కరిగించి చూశాడు. అలా తమ చేతుల మీదుగా తయారైన ఉక్కుతో క్షురకత్తులు చేయించి ఫారడే స్నేహితులకు కానుకలిచ్చేవాడు.

ఇలాంటి ఉక్కు పుట్టిన చోట్లలో మన తెలంగాణ ఒకటి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు తీసేవారు. హెచ్.డబ్ల్యు. వాయ్సీ అనే ఆంగ్లేయుడు 1820లలో అక్కడికి వెళ్ళి ఆ పద్ధతిని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుడు ఒకడు అక్కడే మకాం వేసి, దగ్గరుండి తూకం వేయించుకుంటూ ఉక్కు కొనడం ఆయనకు కనిపించింది. బ్యాంక్స్‌కు చేరిన ముద్దలు ఏ ఊరివో తెలియదు. బొంబాయి మీదుగా వెళ్ళాయంతే. కానీ చాకు కోసం నాణ్యమైన ఉక్కు వెతుక్కుంటూ ప్రపంచం మన ఊళ్ళకు వచ్చిన రోజులున్నాయని ఈ తరం పిల్లలకు చెప్పాలి.

● తడికి బిగుసుకుపోయే చాకు

ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల సవాయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒక చాకు చేశాడు. తండ్రి గొడ్డళ్ళు, తోటకత్తులు చేసే కమ్మరి. కొడుకు చేసింది గుండ్రటి కర్రపిడి, దాని చీలికలో ఒక బ్లేడు, ఒక మేకు. 1897లో 1 నుంచి 12 దాకా కొలతలు పెట్టి అమ్మాడు. తర్వాత 1, 11 మానేశారు: మొదటిది మరీ బుల్లిది, పదకొండోది పక్కవాటికి మరీ దగ్గర. ఈరోజు ఎక్కువమంది కొనేది 8వ నంబరు. బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. తెరిచిన బ్లేడు వేళ్ళ మీదికి మూసుకోకుండా 1955లో మెడ దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం చేర్చారు.

కర్ర తడికి ఉబ్బితే బ్లేడు బిగుసుకుని రాదు. అప్పుడు సవాయ్ రైతులు పిడి చివరను బల్ల అంచున టక్కున ఒకసారి కొడతారు. బ్లేడు కొస కాస్త బయటికి వస్తుంది, దాన్ని వేళ్ళతో లాగేస్తారు. ఒపినెల్ కొనిచ్చేవాళ్ళు ఈ కిటుకు కూడా నేర్పి ఇవ్వాలి. లేకపోతే మన వానాకాలంలో చాకు పాడైందని పక్కన పడేస్తారు. పిల్లల కోసం వీళ్ళే 7వ నంబరులో మొన గుండ్రంగా ఉన్న రకం చేస్తారు.

ఒపినెల్ కొనేటప్పుడు అసలు తేల్చుకోవాల్సింది ఉక్కు. కార్బన్ ఉక్కు బ్లేడు సులువుగా పదునెక్కుతుంది, కానీ నిమ్మకాయ, పచ్చి మామిడికాయ కోస్తే నల్లబడుతుంది, తడి తుడవకపోతే తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళకు స్టెయిన్‌లెస్ ఉక్కుదే పంపండి. ఎంత ఇష్టంగా వాడుకునేవాళ్ళయినా ఉప్పుగాలితో రోజూ పోరాడలేరు.

● పేరు చూసి మోసపోయే చాకు

ఫ్రాన్సుదే మరోటి లాగ్యోల్. సన్నగా వంపు తిరిగిన పిడి, స్ప్రింగు మీద తేనెటీగ బొమ్మ, చూడగానే కొనేయాలనిపిస్తుంది. 1829లో ఆవేరోన్ జిల్లాలోని లాగ్యోల్ గ్రామంలో పుట్టింది. కానీ ఆ పేరు చాలాకాలం ఎవరి సొత్తూ కాకపోవడంతో థియేర్ పట్టణంలోనూ చేశారు, చైనాలోనూ చేశారు. తేనెటీగ ఉన్నంత మాత్రాన మంచిదని అర్థం కాదు. ఎక్కడ చేశారో, ఎవరు చేశారో స్పష్టంగా రాసి ఉంటేనే డబ్బు పెట్టండి.

● స్ప్రింగు లేని జపాన్ చాకు

హిగోనోకామి. మికీ పట్టణపు పనితనం. ఇత్తడి రేకు మడిచిన పిడి, బ్లేడుకు వెనక చిన్న తోక. ఆ తోకను బొటనవేలితో నొక్కి ఉంచితేనే చాకు తెరిచి ఉంటుంది. తాళం లేదు, స్ప్రింగు లేదు. ఒకప్పుడు జపాన్‌లో బడిపిల్లలందరూ పెన్సిళ్ళు దీనితోనే చెక్కుకునేవారు. 1960లో సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరో సభావేదిక మీదే కత్తికి బలయ్యాక, పిల్లల చేతికి కత్తులు ఇవ్వొద్దన్న ఉద్యమం వచ్చి దీని వాడకం పడిపోయింది.

● పాడైన కారు నుంచి పుట్టిన ఆలోచన

1975లో టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు భార్యతో కలిసి పాత ఫియట్ కారులో ఐరోపా తిరిగాడు. కారు మాటిమాటికీ ఆగేది, గదుల్లో కుళాయిలు కారేవి. జేబులో స్కౌట్ చాకు ఉంది, కానీ పట్టుకుని తిప్పడానికి ప్లయర్స్ లేవు. చాకులోనే ప్లయర్స్ పెడితే! అలా చేసిన పరికరం అమ్మకానికి వచ్చేసరికి 1983 అయింది. బైకులు విప్పి బిగించే బావమరిదికి స్విస్ చాకు కన్నా ఇదే నచ్చుతుంది.

● విమానం, చట్టం: కొనేముందే చూసుకోవాలి

చాకు ఎంత చిన్నదైనా చేతిసంచిలో పెట్టకండి. చాలా చోట్ల భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు, తిరిగివ్వరు. కార్గోలో వేసే పెట్టెలోనే సర్దాలి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విమానాశ్రయ దుకాణాల్లో చాకుల అమ్మకాలు ఆగిపోయి విక్టోరినాక్స్ జేబు చాకుల వ్యాపారం దాదాపు మూడోవంతు పడిపోయింది. ఆ కష్టకాలంలో కంపెనీ ఒక్క ఉద్యోగినీ తీసేయలేదు. పని తగ్గినవాళ్ళను కొంతకాలం చుట్టుపక్కల కంపెనీలకు పంపి, మళ్ళీ తెచ్చుకుంది. ఆ చాకు కొనడానికి నాకు ఇదొక్క కారణం చాలు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు ఇస్తుంటే జాగ్రత్త. అక్కడ సరైన కారణం చూపకుండా వెంట ఉంచుకోదగినది 7.62 సెంటీమీటర్లకు మించని అంచు ఉండి, తెరిచాక తాళం పడని మడత చాకు మాత్రమే. ఒపినెల్ 8వ నంబరు ఇంట్లో పండ్లు కోయడానికి సరే, వీధిలో జేబులో ఉండకూడదు. జర్మనీలో 2008 నుంచి ఒంటిచేత్తో తెరుచుకుని తాళం పడే చాకులు తగిన కారణం లేకుండా వెంట తీసుకెళ్ళడం నిషేధం. అదే ఏడాది వచ్చిన స్విస్ సైనికుడి కొత్త చాకు సరిగ్గా ఆ కోవలోదే. మన దేశపు ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించి పొడవో 2 అంగుళాలకు మించి వెడల్పో ఉన్న బ్లేడుల గురించి చెబుతాయి. ఇంటిపని, సేద్యం పనిముట్లకు మినహాయింపు ఉంది. జేబు చాకు ఆ లెక్కలోకి రాదు. అయినా సోదా ఉండే చోట్ల గేటు దగ్గర ఆపవచ్చు కాబట్టి అలాంటి చోట్లకు ఇంట్లో పెట్టి వెళ్ళమని చెప్పండి.

● పిల్లలకు కార్డు ఇచ్చి చాకు ఇస్తారు

అమెరికా స్కౌట్స్‌లో చాకు వాడాలంటే ముందు ‘టోటిన్ చిప్’ అనే కార్డు సంపాదించుకోవాలి. చెయ్యి చాచి చుట్టూ తిరిగితే ఎవరూ తగలనంత దూరంలో కూర్చోవాలి, బ్లేడు ఒంటికి దూరంగా పోయేలా కోయాలి, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మూసి ఇవ్వాలి. తప్పు చేస్తే పెద్దలు కార్డు మూల ఒకటి కత్తిరించే ఆనవాయితీ ఉంది. నాలుగు మూలలూ పోతే చాకు వాడే హక్కు పోయినట్టే. పిల్లవాడికి చాకు ఇచ్చేవాళ్ళు పక్కన కూర్చుని ఈ మూడు అలవాట్లు నేర్పాలి. అంత తీరిక లేకపోతే ఆ ఏడాదికి వేరే కానుక చూసుకోండి.

● మొండి చాకే వేలు కోస్తుంది

పదును పోయిన చాకును గట్టిగా నొక్కాల్సి వస్తుంది, నొక్కితే జారుతుంది, జారితే వేలు తెగుతుంది. అందుకే చాకుతోపాటు చిన్న సానరాయి కూడా ఇస్తే కానుక నిండుగా ఉంటుంది. బ్లేడును రాయి మీద 15 నుంచి 20 డిగ్రీల వాలులో, రెండువైపులా సమంగా సాగదీస్తే చాలు. చాకు మురికిపడితే గోరువెచ్చని నీళ్ళలో పెట్టి పదిసార్లు తెరిచి మూసి, బాగా ఆరనిచ్చి, కీలులో ఒక చుక్క నూనె వేయాలి.

ఎవరికి ఏది నప్పుతుందో ఎంతకీ తేలకపోతే బ్లేడు, డబ్బా కోసేది, సీసా మూత తీసేది, కత్తెర ఉన్న 91 మిల్లీమీటర్ల స్విస్ చాకు తీసుకోండి. డబ్బు కట్టేముందు అంగట్లోనే ప్రతి పరికరాన్నీ తెరిచి మూసి చూడండి. తెరిచిన బ్లేడు అటూ ఇటూ ఊగినా, మూసినప్పుడు ‘టక్’మన్న చప్పుడు రాకపోయినా దాన్ని అక్కడే వదిలేసి మరోటి అడగండి.